గోడ లోపలి విద్య

మంజీరానది బీదరు పీఠభూమి అంచులను ఒరసికొని ఆగ్నేయముగా దిగివచ్చు త్రోవకు సమీపమున, నల్లరేగడియు ఎర్రమట్టియు ప్రక్కప్రక్కనే పరచుకొనియున్న నేలమీద, జహీరాబాదునకు ఈశాన్యముగా రాయికోడ్ అను ఊరు కలదు. నేడది తెలంగాణములోని సంగారెడ్డి జిల్లాలో ఒక మండలకేంద్రము. వీరభద్రస్వామి ఆలయమువలన చుట్టుప్రక్కల ఊళ్లవారికి పరిచితమైనది. 1956వ సంవత్సరపు రాష్ట్రపునర్విభజనకు పూర్వము జహీరాబాదు తాలూకాలో చాలభాగమును, నారాయణఖేడు తాలూకాయు బీదరు జిల్లాకు చెందియుండి, ఆ యేటి నవంబరు 1వ తేదీనుండి మెదకు జిల్లాలో చేరినవి. బీదరేమో మైసూరు రాష్ట్రమునకు పోయినది. గీత గీసినవారు భాషను చూచి గీసిరి గాని ఇండ్లను చూచి గీయలేదు. గీతకు ఈవలను ఆవలను అవే ఎర్రరాతి గోడలు, అవే మట్టిమిద్దెలు, అవే చెక్కడపు దర్వాజలు ఇప్పటికిని అక్కడక్కడ కానవచ్చుచున్నవి. ఈ ప్రాంతమున ఇంటి లోపలిభాగమునకు సంబంధించిన విద్య యెట్లు పుట్టినదో, యెవరి చేతులలో పెరిగినదో, కడపట ఏ వాకిళ్లగుండ విశ్వవిద్యాలయములోనికి ప్రవేశించినదో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

నేటి విద్యార్థులు ఇంటీరియర్ డిజైన్ అని పిలుచు అంతర్గృహ రూపకల్పన స్నాతకోత్తరస్థాయిలో సామాన్యముగా రెండేండ్ల చదువు. గదిలోనికి వచ్చు వెలుతురును, గోడలకు తగిలి మరలు ధ్వనిని, కూర్చుండువాని మోకాలికిని పీటకును ఉండవలసిన కొలతను, కర్రకును లోహమునకును వస్త్రమునకును గల గుణభేదములను, పనికి పట్టు వ్యయమును, పనివారితో వ్రాసికొను ఒడంబడికను ఆ రెండేండ్లలో అభ్యసించి, పిదప ఒక స్వతంత్రపరిశోధనమును సిద్ధాంతగ్రంథముగా సమర్పింపవలెను. ఇది యంతయు పాశ్చాత్యదేశములనుండి దిగుమతియైన సరకని తలచువారు మనలో పెక్కుమంది కలరు. నామమును, పట్టమును, పరీక్షయు అట్లే వచ్చినవనుట నిజమే. విషయము మాత్రము రాయికోడునకు పడమటగా, బండిమీద పోదగిన దూరములోనే యున్నది. ఈ చదువునకై అహమ్మదాబాదునకు పోవు రైలెక్కబోవు మన పిల్లలు ఆ రైలునకు ముందు ఒకమారు బీదరు బస్సెక్కుట మేలు.

బీదరునకును ఇంకను పడమట, నేడు బసవకల్యాణమని పిలువబడు పట్టణము పూర్వము పశ్చిమచాళుక్యుల రాజధానియైన కల్యాణి. అచ్చట 1126 మొదలు 1138 వరకు రాజ్యమేలిన మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతమున సంస్కృతమున ‘మానసోల్లాసము’ అను గ్రంథమును రచించెను. దానికే ‘అభిలషితార్థచింతామణి’ యని నామాంతరము. ఇరువదేసి అధ్యాయములు గల అయిదు వింశతులుగా విభక్తమైన ఆ గ్రంథమున మూడవది ఉపభోగవింశతి. రాజు అనుభవింపదగిన భోగములలో మొట్టమొదట గృహమును చెప్పి, పిదప ఆసనమును, శయ్యను, ధూపమును వేర్వేరుగ వివరించిన యా భాగమును చదువుచున్నప్పుడు, గదిని గోడలచేతనే కాక దానిలోని ఉపకరణములచేతను, పరిమళముచేతను, అందు కూర్చుండు భంగిమచేతను నిర్వచింపవచ్చునని ఆ రాజు ఎనిమిదినూర్ల యేండ్లకు పూర్వమే గ్రహించియుండెనని తెలియుచున్నది. చిత్రలేఖనమునకు గోడను సిద్ధపరచు విధానమైతే కేవలము పనివాని నోట విని వ్రాసినట్లుండును. అప్పుడే ఒలిచిన దున్నచర్మమును నీటిలో వెన్నవలె మెత్తబడువరకు కాచి, కడ్డీలుగా చేసి ఎండబెట్టి, కావలసినప్పుడు వేడినీటిలో కరగించి, తెల్లమట్టితో మేళవించి గోడకు మూడు పూతలు పూయవలెనట. ఆ బంకకు వజ్రలేపమని పేరు. దానిమీద శంఖచూర్ణపుపూత వేసి నునుపుచేసిన పిమ్మటగాని కుంచె గోడకు తగులరాదు. గజశాస్త్రమును రాజ్యతంత్రమును పాకశాస్త్రమును చెప్పిన చక్రవర్తి, అదే గ్రంథమున, గోడపూతను గూర్చి చెప్పుటకు వెనుదీయలేదు. పండితులు చేతిపనిని చిన్నచూపు చూచు దేశమని మనలను మనము నిందించుకొనునప్పుడు ఈ అధ్యాయమును గూడ లెక్కలోనికి తీసికొనుట న్యాయము.

శిల్పశాస్త్రములు ఈ విద్యకు శాఖాభేదమును గూడ చెప్పినవి. మానసారము పనివారిని స్థపతి, సూత్రగ్రాహి, వర్ధకి, తక్షకుడు అని నాలుగు విధములుగా విభజించి, దేవాలయ గోపుర ప్రమాణములతోబాటు మంచములకును, సింహాసనములకును, దీపస్తంభములకును, అద్దములకును ప్రమాణములు నిర్దేశించినది. భవనమును కట్టువాడొకడు, లోపల సర్దువాడొకడు అను నేటి విభాగము ఆ గ్రంథకర్తకు వింతగా తోచియుండును. మంచపుకోడునకును గోపురమునకును శాస్త్రమొక్కటే.

కల్యాణి క్షీణించిన తరువాత ఈ ప్రాంతపు కళాకేంద్రము బీదరునకు మారినది. బహమనీ సుల్తాను అహమదుషా 1430 ప్రాంతమున గుల్బర్గానుండి రాజధానిని బీదరునకు తరలించినప్పుడు, ఇరానునుండి వచ్చిన పండితులు, సూఫీలు, వ్రాయసకాండ్రు, చిత్రకారులు ఆయన కొలువును ఆశ్రయించిరి. ఆయన 1436లో మరణించెను. ఊరికి తూర్పుననున్న అష్టూరులోని ఆయన సమాధి బయటినుండి చూచువానికి గంభీరమైన గుమ్మటముమాత్రమే. లోపల అడుగిడినవాడు మాత్రము తల దించుకొనలేడు. గోడలనుండి గుమ్మటపు నడిబొడ్డువరకు లతలును పుష్పములును జ్యామితిరేఖలును అల్లుకొని, నీలముమీదను కుంకుమవర్ణముమీదను బంగారునీటి అక్షరములు పలువిధముల లిపులలో వరుసలు తీరియున్నవి. చిత్రకారుడైన కజ్వీను నివాసి షుక్రుల్లా తన నామమును అచ్చటనే వ్రాసికొనెను. లోపలిపని చేసినవాని పేరు నిలిచియుండుట మన దేశమున అరుదు గనుక ఈ పేరును విద్యార్థులు జ్ఞాపకముంచుకొనదగును. అచ్చటి ఉరుసునకు లింగాయతులును మహమ్మదీయులును కలిసి వత్తురు. సమాధిలోనున్న రాజును ఒకరు వలీయనియు, ఒకరు అల్లమప్రభువనియు భావింతురు. ఒకే గదిని ఇరువురు రెండుకన్నులతో చూచుటకు ఆ గోడలమీది చిత్రములు అడ్డురాలేదు.

ఉన్నతవిద్యను గూర్చియే చెప్పుకొనునెడల బీదరులోని మహమూదు గవాను మదర్సాను విడుచుటకు వీలులేదు. కాస్పియన్ సముద్రతీరపు గీలానునుండి వర్తకుడై వచ్చి, బహమనీరాజ్యమునకు ప్రధానమంత్రియైన ఖ్వాజా మహమూదు గవాను 1472లో దానిని కట్టించెను. నడుమ విశాలమైన ముంగిలి. చుట్టును మూడంతస్తుల భవనము. ఉపన్యాసశాలలు, మసీదు, గ్రంథాలయము, అధ్యాపకుల నివాసములు, విద్యార్థుల గదులు. చరిత్రకారుడైన ఫిరిష్తా వ్రాసినదానినిబట్టి ఆ గ్రంథాలయమున మూడువేల గ్రంథములుండెడివి. గురువును శిష్యుడును గ్రంథమును ఒకే కప్పుక్రింద నివసింపవలెనను ఊహను రాయిగా, సున్నముగా, రంగుపలకలుగా మార్చిన కట్టడమది. గవాను 1481లో కూటలేఖవలన రాజద్రోహియని నిందింపబడి శిరశ్ఛేదమునకు గురియయ్యెను. మదర్సాలో ఒక భాగమును మినారు ఒకటియు ఔరంగజేబు కాలమున 1696లో సంభవించిన ప్రేలుడువలన కూలిపోయినవి. మిగిలిన మినారుమీద ఆకుపచ్చ, పసుపు, తెలుపు పలకలు ఇంకను కొన్ని అంటియున్నవి. నిజాముప్రభుత్వపు పురాతత్త్వశాఖకు అధిపతియై ఈ కట్టడములన్నిటిని కొలిపించి, చిత్రపటములు వ్రాయించి, మరమ్మతు చేయించిన గులాం యజ్దానీ పండితుడు 1947లో ప్రకటించిన బీదరు చరిత్రగ్రంథము నేటికిని ఈ విషయమున ప్రథమపాఠ్యపుస్తకమే.

బహమనీల పిదప వచ్చిన బరీదుషాహీలు చిన్నరాజులు. రాజ్యము చిన్నదైనకొలది వారి అభిరుచి లోపలికి తిరిగినదని తోచును. కోటలోని రంగీన్ మహలును 1542 మొదలు 1580 వరకు పాలించిన అలీ బరీదు నేటి రూపమునకు తెచ్చెను. దాని వైశాల్యము గొప్పది కాదు. నాలుగడుగులు వేసిన చాలు గది ముగియును. కాని మసివలె నల్లనైన రాతిలో ముత్యపుచిప్ప తునుకలను పొదిగి తీర్చిన తీగెలు ద్వారములచుట్టును మెరయుచుండగా, ముందరి మండపమున కఱ్ఱస్తంభములును బోదెలును స్థానికుల ఉలిపనితో నిండియుండును. చిప్పపనిలో ఇరాను చేతివాటమును, కఱ్ఱపనిలో మన దేవాలయ మండపముల తీరును స్పష్టముగ కానవచ్చును. రెండు సంప్రదాయములకు చెందిన పనివారు ఒకరి కొలత ఒకరు చూచుకొనకుండ ఇట్టి గదిని ముగింపజాలరు. కర్రకు చోటెంత, రాతికి చోటెంత, పలకకు చోటెంతయని నిర్ణయించిన ప్రధానశిల్పి యొకడుండి తీరవలెను. ఇంటీరియర్ డిజైనరు అనెడి వృత్తి మన ప్రాంతమున అంకురించిన స్థలమును చూపుమని నన్నెవరైన అడిగినచో నేను ఈ గడపనే చూపుదును.

ఆ కాలపు గదులలో నేడు మనము సామానని పిలుచునది చాల తక్కువ. కూర్చుండుట నేలమీద, నేలమీద జంఖానా, దానిమీద తెల్లని చాందినీగుడ్డ, ఆనుకొనుటకు దిండ్లు. పరచిన గుడ్డ గాలికి లేవకుండ నాలుగు మూలలను మీర్-ఎ-ఫర్షు లనెడి బరువులుంచుచుండిరి. ఈ బరువులు, హుక్కాకుండలు, తాంబూలపు పెట్టెలు, మంచపుకోళ్లు బీదరులోనే బిద్రీపనిగా తయారయ్యెడివి. తుత్తునాగమున కొలదిగా రాగి కలిపి పోతపోసి, పైన ఉలితో గీతలు చెక్కి, ఆ గీతలలో వెండితీగెను సుత్తితో ఒత్తి, కోటలోని పాతమట్టిని నవాసాగరముతో నీట కాచి ఆ నీటిలో వస్తువును ముంచినచో లోహము నల్లబడును. వెండి మాత్రము తెల్లగనే నిలుచును. నల్లని నేలమీద తెల్లని తీగెయను ఈ రుచి రంగీన్ మహలు గోడమీదిదే. గోడపని చేతిలో పట్టుకొను వస్తువులోనికి దిగివచ్చినది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనమున బిద్రీవస్తువులును వరంగల్లు తివాసీలును చూపబడినవి. ఆంగ్లేయులు వాటిని మెచ్చుకొని తమ వస్తుశాలలలో భద్రపరచిరి గాని, అవి ఏ నేలమీద, ఏ దీపపు వెలుతురులో ఉండదగినవో ఆ గాజుపెట్టెలు చెప్పజాలవు.

రాజుల గదులనుండి రాయికోడు ఇండ్లలోనికి వచ్చునప్పుడు మనము తక్కువస్థాయికి దిగుచున్నామని అనుకొనరాదు. ఇచ్చటి మట్టిమిద్దె తనదైన శాస్త్రముగలది. భూమినుండి కోసిన ఎర్రరాతి దిమ్మెలతోనో మట్టితోనో మూరెడునకు మించిన మందమున గోడలు లేపి, వాటిమీద దూలములును దంతెలును పేర్చి, సన్నకట్టెయు ఆకుకొమ్మలును పరచి, మన్ను మెత్తి, వాననీరు దిగకుండ పైన చవుడు పోసి కొట్టుదురు. లోపల పెద్దయర్ర, వంటయర్ర, నడుమ వెలుతురు దిగు చోటు, ప్రక్కగా స్నానమునకు జాలారు, పైన అటుక. గాలికిని పొగకును చిన్న గవాక్షము. పెద్ద గదిని రెండుగా విడదీయవలసివచ్చినచో కందికట్టెలతో తడక అల్లి ఇరువైపుల మట్టి పూయుదురు. కంది విరివిగా పండు నేలగనుక గోడకు కావలసిన సరకు ప్రతియేడు చేనినుండియే వచ్చుచుండెను. ధాన్యమునకు అల్లి అలికిన గుమ్మి. ఎక్కువగా పండిన జొన్నకు భూమిలో త్రవ్విన పాతర.

ఈ ఇంటిలో విశేషముగ గమనింపదగినది గూడు. గోడ మందముననే వదలిపెట్టిన ఆ కుహరము దీపమునకొకటి, దేవునికొకటి, పసుపుకుంకుమల భరిణకొకటి, పొయ్యిప్రక్క ఉప్పుచిప్పకొకటిగా ఇల్లంతయు వ్యాపించియుండును. దాని ఎత్తు ఇల్లాలి చేతియందుబాటును బట్టి, లోతు దానిలో నుంచు వస్తువును బట్టి కట్టుచున్నప్పుడే నిర్ణయమగును. జాన, మూర, బార యనెడి కొలతలు మనుష్యదేహమునుండి వచ్చినవే కావున, నేటి పాఠ్యక్రమములలో ఎర్గోనామిక్స్ అను పేర బోధింపబడు శరీరప్రమాణశాస్త్రమును ప్రత్యేకముగ నేర్పవలసిన యవసరము ఆ పనివారికి కలుగలేదు. కొలబద్ద వారి భుజమునకే తగులుకొనియుండెను.

ఈ విద్యకు ఆచార్యులు రెండు తెగలవారు. మొదటివాడు వడ్లవాడు. వాని కుమారునికి బాల్యముననే బాడిసె చేతికీయరు. ముందుగా పనిముట్లకు సానపెట్టవలెను, పిదప తండ్రి గీసిన గీత చెరగకుండ కర్రను కదలక పట్టుకొనవలెను, తరువాత రంపము, ఆపైన చిత్రిక, అన్నిటికిని కడపట ఉలి. ద్వారబంధము నిలుపుట ఇంటికి పండుగ. ఆ దినమున కడపకు పసుపు పూసి, మామిడాకులు కట్టి, వడ్లవానికి వస్త్రమిచ్చి గౌరవింతురు. ఏటేట కోతకాలమున కళ్లమువద్ద వానికి ధాన్యము కొలిచి ఇచ్చుట ఆచారము. అందువలన వానికి ఒక్కొక్క ఇంటితోడి సంబంధము ఒక పనితో తీరునది కాదు. నాగలి విరిగినను, తలుపు కదలినను, పెండ్లికి పీటలు కావలసినను వాడే రావలెను. తాను చేసిన తలుపు ఇరువదియేండ్లకెట్లు వంగునో చూచి నేర్చుకొను అవకాశము వానికుండెను. నేటి వృత్తిశిక్షణములలో ఇదియొక్కటియే పూర్తిగా పోయినదని నా యభిప్రాయము.

రెండవ ఆచార్యులు స్త్రీలు. వీరిని గూర్చి శిల్పశాస్త్రములు పెద్దగా పలుకలేదు; యజ్దానీ గ్రంథమున వీరికి చోటులేదు. మట్టియింటి లోపలిభాగము ఒకమారు కట్టి విడిచిపెట్టిన నిలుచునది కాదు. నేలను పేడతో అలుకవలెను. పగుళ్లను మన్నుతో మెత్తవలెను. గోడలకు సున్నమో తెల్లమన్నో పూసి, అడుగుభాగమునను కడపచుట్టును జాజుతో ఎర్రపట్టీ తీర్చి, దానిమీద తెల్లని ముగ్గు వేయవలెను. ఏ మన్ను ఏ చెరువులోనిదో, దానిలో పొట్టు ఎంత కలిపిన పగులదో, వానకాలమునకు ముందెంత మందముగ పూయవలెనో తల్లి చేతిప్రక్కన చేయివేసి కూతురు నేర్చుకొనెను. పెండ్లియై మరొక ఊరికి పోయినప్పుడు అక్కడి మన్నుతో ఆ విద్యను మరల సరిచూచుకొనెను. పరీక్ష ప్రతి యేడు పండుగకు ముందు జరుగుచుండెను. పరీక్షకులు ఊరిలోని తక్కిన ఇల్లాండ్రు. ఇంటి లోపల ఏ వస్తువెచ్చటనుండవలెనో నిర్ణయించువారు వీరే గనుక, ఈ ప్రాంతపు అంతర్గృహశిల్పులలో అత్యధికసంఖ్యాకులు స్త్రీలేయని చెప్పుట అతిశయోక్తి కాదు.

ఈ పాతయింటిని పొగడునప్పుడు ఒక్కమాటను దాచరాదు. లోపలను సృష్టించు ప్రతి విద్యయు బయటను గూడ సృష్టించును. గోడకు మన్ను తొక్కిన కూలివానికి ఆ గోడ లేచిన పిదప కడప దాటు హక్కు లేకుండెను. ఊరి చివర వాని గుడిసె ఒకే గది. దానికి చెక్కడపు దర్వాజలు లేవు. ప్రాచీనగృహములను గూర్చి మనము చేయు కొలతపటములలో ఎవరు ఏ గడప వరకు రాగలిగిరో గూడ గుర్తింపబడవలెను.

మార్పు రైలుమార్గమున వచ్చినది. వికారాబాదునుండి బీదరువైపు రైలు నడచిన పిమ్మట గుల్బర్గా జిల్లాలోని షాబాదు బండ, తాండూరు బండ ఎడ్లబండి పోలేనంత దూరమునకు సులభముగా పోసాగినవి. పేడతో అలికిన నేల బండపరపుగా మారినది. 1865లో బాసెల్ మిషనువారు మంగుళూరున స్థాపించిన కర్మాగారముతో ఆరంభమైన యంత్రపుపెంకు క్రమముగా దక్షిణదేశమంతట వ్యాపించి మిద్దెమీది మన్నును తొలగించినది. తరువాత సిమెంటు, ఇనుపకమ్మీ, కాంక్రీటు కప్పు. ఇంతవరకు పూర్వవిద్య తట్టుకొని నిలిచినది. దానిని మొదలంట కదల్చినది గోడ పలుచబడుటయే. ఇటుకగోడ తొమ్మిది అంగుళములకు, లోపలి అడ్డుగోడ నాలుగున్నర అంగుళములకు దిగినతోడనే గూటికి చోటు లేకపోయెను. గూడు పోయినందున బీరువా వచ్చినది. అటుక పోయినందున కప్పుక్రింద సిమెంటు అరలు వచ్చినవి. గోడ వేడిని ఆపజాలనందున పంకా వచ్చినది. ఇల్లు ఖాళీపెట్టెగా అప్పగింపబడుచుండగా, దానిని మనుష్యులుండదగినట్లు సర్దు పని మిగిలిపోయినది. ఆ మిగిలిన పనియే ఒక వృత్తియైనది. గోడను కట్టుటలోనే లోపలిని గూడ కట్టుచున్నంతకాలము దానికి వేరు శాస్త్రము, వేరు పట్టము అక్కరలేకపోయెను.

పాశ్చాత్యదేశములలో సయితము ఈ వృత్తి పరిశ్రమల యుగమునకు బిడ్డయే. రచయిత్రి ఈడిత్ వార్టన్, వాస్తుశిల్పి ఆగ్డెన్ కాడ్మన్ కలిసి గృహాలంకరణముపై గ్రంథమును 1897లో ప్రకటించిరి. జర్మనీలోని వైమారున 1919లో నెలకొన్న బౌహౌస్ కుర్చీని, దీపమును, గోడను ఒకే పాఠశాలలో నేర్పబూనెను. మన దేశమున ఆంగ్లేయప్రభుత్వము క్రింద మదరాసులో 1850లోను, బొంబాయిలో 1857లోను కళాశాలలు వెలసినవి. అవి పనివాని కుమారుని చేతికి పెన్సిలు నిచ్చినవి. ఇది మేలే, కాని పెన్సిలు పట్టుకొన్నవాడు మరల బాడిసె పట్టలేదు. రూపకల్పన యొకరిది, చేతిపని యొకరిదియను భేదము ఆ తరగతిగదులలో స్థిరపడినది.

హైదరాబాదు సంస్థానమున 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు భవనములు కట్టుటకు ముందు, జైన్ యార్ జంగు, సయ్యదు అలీ రజా అను ఇద్దరు శిల్పులు ఐరోపా, అమెరికా, జపాను, ఈజిప్టు మొదలగు దేశములకు పంపబడి విశ్వవిద్యాలయములను చూచివచ్చిరి. బెల్జియము దేశీయుడైన జాస్పరు నమూనాలను సిద్ధపరచెను. ఆర్ట్సు కళాశాలాభవనము 1939లో ప్రారంభమైనది. ప్రపంచమును చుట్టివచ్చి గీసిన ఆ భవనమున బీదరు, అజంతా, ఎల్లోరా రూపములు చోటుచేసికొనుట గమనార్హము. ఆ మరుసటి సంవత్సరమే, 1940లో, హైదరాబాదున ప్రభుత్వ కళాపాఠశాల నెలకొన్నది. 1972లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయము ఏర్పడినప్పుడు అది దానిలో చేరి, 2008లో జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయముగా స్వతంత్రమైనది. నేడు అచ్చట ఇంటీరియర్ డిజైన్ నాలుగేండ్ల పట్టభద్రపాఠ్యక్రమముగా బోధింపబడుచున్నది. రూపశిల్పులైన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958లో భారతప్రభుత్వమునకు సమర్పించిన నివేదికలో మన లోటాను ఉత్తమరూపకల్పనకు ఉదాహరణముగా కొనియాడిరి. దాని ఫలితముగ 1961లో అహమ్మదాబాదున జాతీయ డిజైన్ సంస్థ వెలసినది. ఆ నగరముననే 1962లో వాస్తుశిల్పి బాలకృష్ణ దోషీ ప్రారంభించిన వాస్తువిద్యాలయమునకు తోడుగ 1991లో అంతర్గృహరూపకల్పనకు ప్రత్యేకవిద్యాలయ మేర్పడి, స్నాతకోత్తర విద్యకును దారితీసినది.

ఇది విశ్వవిద్యాలయములోనికి పురుషులు ఎక్కువగా నడచిన వాకిలి. మరియొక వాకిలి కలదు. చరిత్రకారులు దానిని తరచుగ మరచెదరు. 1932లో ఢిల్లీలో స్థాపింపబడిన లేడీ ఇర్విన్ కళాశాల మొదలుకొని గృహవిజ్ఞానకళాశాలలు దేశమున వ్యాపించినప్పుడు, గృహనిర్వహణశాఖలో గదుల అమరికయు, రంగుల మేళవింపును, వంటగది ఎత్తును, నిలువచోటును శాస్త్రీయముగ బోధింపబడినవి. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయము హైదరాబాదు సైఫాబాదులోని గృహవిజ్ఞానకళాశాలద్వారా ఈ విద్యను వ్యవసాయవిద్యతోబాటు నడపినది. వ్యవసాయ విశ్వవిద్యాలయమున గది సర్దుట నేర్పుదురా యని నవ్వువారు కలరు. గుమ్మిని, పాతరను, వంటయర్రను ఎరిగినవారు నవ్వరు. వడ్లవాని విద్య వాస్తుశాఖద్వారా, ఇల్లాలి విద్య గృహవిజ్ఞానశాఖద్వారా విశ్వవిద్యాలయములోనికి వచ్చినవి. ఒకే ఇంటిలో పుట్టిన ఈ రెండును అచ్చట వేర్వేరు భవనములలో, వేర్వేరు పట్టములక్రింద కూర్చుండి, ఒకదాని సిద్ధాంతగ్రంథమును మరియొకటి చదువకుండుట నాకు ఎంతయు విచారకరముగ తోచును.

1972వ సంవత్సరము ఈ వృత్తికి మరియొక విధమున గుర్తింపదగినది. ఆ యేడు పార్లమెంటు వాస్తుశిల్పుల చట్టము చేసి ‘ఆర్కిటెక్టు’ అను బిరుదమును నమోదైనవారికే పరిమితము చేసినది. ఆ యేడే భారతీయ అంతర్గృహశిల్పుల సంఘము ఏర్పడినది. సంఘము కలదు గాని అట్టి చట్టము వారికి లేదు. కావున పట్టము గలవాడును లేనివాడును తన బల్లపై ఆ పేరు వ్రాసికొనవచ్చును. స్నాతకోత్తరవిద్యకు గిరాకి పెరుగుటకు ఇదియు నొక కారణము: చట్టము చూపని భేదమును పట్టము చూపవలసివచ్చినది.

జహీరాబాదు పరిసరమున 1983నుండి పనిచేయుచున్న దక్కను డెవలప్‌మెంటు సొసైటీవారు మాచునూరులో నడపిన పచ్చసాలెయను బడి, అక్షరములతోబాటు చేతివృత్తులను గూడ నేర్పి, పెన్సిలును బాడిసెను మరల ఒకే చేతికి తెచ్చుటకు ప్రయత్నించినది. అట్టి బడి వెలసిన ప్రాంతమునుండి స్నాతకోత్తరవిద్యకు పోవు విద్యార్థికి పరిశోధనవిషయము వెదకుకొనవలసిన కష్టముండరాదు. మట్టిగోడ మందమునకును లోపలి ఉష్ణమునకును గల సంబంధము, కందికట్టెతడకయొక్క బలము, జాజుపూతల కాలపరిమితి, గూటి ఎత్తులు, కడప దాటుటను గూర్చిన సంఘనియమములు: ఒక్కొక్కటి రెండేండ్ల పని. తొందర మాత్రము అవసరము. కూల్చిన పాతయిండ్ల దర్వాజలను నగరవర్తకులు కొనిపోవుచున్నారు. హైదరాబాదు భోజనశాలలలో అవి బల్లలుగను గోడమీది అలంకారములుగను అమర్చబడుచున్నవి, అవి ఏ ఊరినుండి, ఏ యర్రనుండి వచ్చినవో వ్రాసిన చీటి మాత్రము వాటివెంట రాదు. పరిశోధనకై బీదరునకు పోవు విద్యార్థి అచ్చటి మదర్సాను సులభముగ చూడవచ్చును. రంగీన్ మహలు గదులకు సాధారణముగ తాళముండును. పురావస్తుశాఖవారి కావలివానిని అడిగినచో తెరచి చూపుదురు, కొలతలు తీసికొనవలెనన్నచో ముందుగా ఆ శాఖ అనుమతిపత్రమును పొందియుండవలెను.